సంతకానికి ముందే వకీలు

చిక్కడపల్లి పోలీసు ఠాణా పేరు 2024 డిసెంబరులో దేశమంతటా మారుమోగింది. ఆ నెల 4వ తేదీ రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది. ఆమె కుమారుడు మృత్యుముఖంలోకి వెళ్లాడు. ఆ కేసులో సినీనటుడు అల్లు అర్జున్‌ను 13న అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు 14 రోజుల రిమాండు విధించింది. ఆ సాయంత్రమే హైకోర్టు 4 వారాల మధ్యంతర బెయిలు ఇచ్చింది.

కేసు మంచిచెడ్డలు తేల్చవలసింది న్యాయస్థానమే. మేము గమనించింది ఒక్క విషయం. కేసు కొట్టివేయాలన్న పిటిషను అరెస్టుకు ముందే హైకోర్టుకు చేరి ఉంది. పోలీసులు ఇంటికి వచ్చే నాటికే న్యాయవాది పని మొదలుపెట్టి ఉన్నాడు. డబ్బున్నవారికి అన్నీ సాగుతాయని నిట్టూర్చి ఊరుకుంటే ఈ ఉదంతం నుంచి మనం నేర్చుకునేది సగమే. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. సినీనటుడికి ఒక అధికరణం, ఆటో డ్రైవరుకు మరొకటి లేవు.

మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? కష్టం రాగానే మొదట పెద్దమనిషి దగ్గరకు, తరువాత కార్పొరేటరు దగ్గరకు, ఆపైన తెలిసిన కానిస్టేబుల్ దగ్గరకు పరుగెత్తుతాం. అన్ని తలుపులూ మూసుకున్నాక వకీలు గుర్తుకొస్తాడు. అప్పటికి సంతకాలు అయిపోయి ఉంటాయి, గడువులు దాటిపోయి ఉంటాయి. వకీలు గడప తొక్కితే పరువు పోతుందన్న బెరుకు, ఫీజు భయం, ‘మనం తప్పు చేయలేదు కదా’ అన్న అమాయకత్వం ఈ ఆలస్యానికి కారణాలు. నిర్దోషికే న్యాయవాది ఎక్కువ అవసరం. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. వారిలో ముస్లింల వాటా జనాభాలో మన వాటా కన్నా ఎక్కువ.

అశోక్ నగర్ సంగతే చూడండి. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ ఉన్న హాస్టళ్లలో గ్రూప్స్ ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి చదువుతున్న వేలాది యువకుల్లో మన జిల్లాల ముస్లిం పిల్లలూ ఉన్నారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా కోరుతూ అభ్యర్థులు ఈ వీధుల్లోనే ఆందోళనకు దిగారు. ఆందోళనలోనో రోడ్డుమీది గొడవలోనో పేరు నమోదైతే, ‘జరిమానా కట్టేస్తే పోతుంది’ అని ఎవరో సలహా ఇస్తారు. పిల్లవాడు నేరం ఒప్పుకుని, డబ్బు కట్టి, మరచిపోతాడు. ఉద్యోగం వచ్చాక ధ్రువీకరణ పత్రం అతణ్ణి అడుగుతుంది: మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా? శిక్ష పడిందా? నిజం దాచితే ఉద్యోగమే పోవచ్చు. చిన్న కేసును నిజాయితీగా వెల్లడిస్తే పరిశీలించే అవకాశం యజమానికి ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక జరిమానా కట్టే ముందే న్యాయవాదిని అడగాలి, పత్రం నింపే ముందు మళ్లీ అడగాలి.

పోలీసుల నుంచి నోటీసు వస్తే దాక్కోకూడదు, ఒంటరిగానూ వెళ్లకూడదు. విచారణ సమయమంతా కాకపోయినా, మధ్యలో న్యాయవాదిని కలుసుకునే హక్కు అరెస్టయిన వారికి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 38వ సెక్షను ఇస్తున్నది. దర్యాప్తులో సాక్షులు ఇచ్చే వాఙ్మూలంపై సంతకం అవసరం లేదని 181వ సెక్షను చెబుతున్నది. ఖాళీ కాగితంపై సంతకం మాత్రం ఎవరడిగినా, ఎక్కడడిగినా చేయరాదు.

కుటుంబ వివాదాల విషయంలో మరింత వివేచన కావాలి. భార్యాభర్తల మధ్య ఇరుపక్షాల నుంచి మధ్యవర్తులను నియమించమని నిసా సూరా బోధిస్తున్నది. ఆ ప్రయత్నం మొదట జరగాలి. అయితే సర్దుబాటు పేరుతో ఆడబిడ్డను నెలల తరబడి పుట్టింట కూర్చోబెట్టడం న్యాయం కాదు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద భరణం కోరవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అది మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. భరణాన్ని దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్కించాలని 2020లోనే ఆ న్యాయస్థానం నిర్దేశించింది. అంటే దరఖాస్తు ఆలస్యమైన ప్రతి నెలా ఆ తల్లీబిడ్డల నోటి దగ్గరి కూడు పోతున్నట్టే.

డబ్బు వ్యవహారాలకూ గడువులు ఉన్నాయి. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తరువాతి నెల లోపల ఫిర్యాదు చేయాలి. చేబదులు బాకీకి సాధారణంగా 3 సంవత్సరాలే గడువు. అప్పును రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని బఖరా సూరా ఆదేశించిన సమాజం మనది. కాగితం విలువ మనకు ఇంకొకరు నేర్పాలా?

ప్రతి తగవుకూ కోర్టుకెక్కమని మేము చెప్పడం లేదు. గోడ దగ్గరి మాటామాటా పెద్దల సమక్షంలో తీరిపోవచ్చు. కానీ పోలీసు పిలుపు వచ్చినా, కోర్టు కాగితం అందినా, సంతకం అడిగినా, పిల్లల పోషణగానీ ఇంటి హక్కుగానీ ప్రమాదంలో పడినా, ఆ రోజే న్యాయవాదిని కలవాలి. మరుసటి వారం కాదు.

ఫీజు లేదన్నది ఆగిపోవడానికి కారణం కారాదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఇతర పేదలకు ఆదాయ పరిమితికి లోబడి లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చూపుతారు. ఈ నంబరు మన మసీదుల నోటీసు బోర్డులపై ఎందుకు ఉండకూడదు? చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పరిసరాల మసీదు కమిటీలు జుమా నమాజు తరువాత ఒక గంట న్యాయవాదిని కూర్చోబెట్టలేవా? మన యువ న్యాయవాదులు వారానికి ఆ ఒక్క గంటను సేవగా ఇవ్వలేరా?

జనాజాకు, పెళ్లికి ఇరుగుపొరుగు కలిసివస్తారు. ఠాణా నుంచి పిలుపు వచ్చిన ఇంటికీ అలాగే కలిసిరావాలి. వచ్చేటప్పుడు వెంట ఒక వకీలును తీసుకురావాలి.