గద్దపిల్లకు పేరు పెట్టే హక్కు గల్లీదే

బొంబాయిలోని మన కామాటిపుర నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, బైకుల్లా రాణీబాగ్‌లో, 2016లో సియోల్ నుంచి తెచ్చిన పెంగ్విన్లు ఏసీ గదిలో ఉన్నాయి. డోనాల్డ్, డైసీ, పొపాయ్ అని వాటికి పేర్లు పెట్టారు. పెట్టనివ్వండి. మరి ఆ గది మీదా, మన చాళ్ల మీదా పొద్దంతా తిరిగే గద్ద మాటేమిటి? ఈ ఏడాది ఎన్ని పిల్లలు గూడు దాటాయి, ఎన్ని గాలిపటాల మాంజాకు రెక్క తెగి పడ్డాయి? గల్లీలో ఎవరినైనా అడగండి, జవాబు రాదు.

ఈ నగరానికి పక్షుల లెక్క చేతకాక కాదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927 నుంచి పక్షుల కాళ్లకు రింగులు వేస్తోంది. పక్షి దొరికితే బొంబాయికి కబురు చేయమని ఆ రింగు మీదే రాసి ఉంటుంది. దేశంలో ఎక్కడెక్కడి పక్షులో బొంబాయి పేరు మోస్తుంటే, బొంబాయి గల్లీలో పుట్టిన గద్దపిల్ల కాలు ఎందుకు బోసిగా ఉండాలి?

రింగుతో సగం పనే అవుతుంది. మిగతా సగం పేరు చేస్తుంది. అడవి పక్షికి పేరేమిటి, అంకె చాలదా అనే శాస్త్రజ్ఞులు నాగాలాండ్ వైపు చూడాలి. 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చిన అమూర్ డేగలను వలలు పన్ని వేలకు వేలు చంపారు. మరుసటి ఏడాది ఊళ్లే వేట మానేశాయి. ఆ ఏడాది నవంబరులోనే మూడు డేగలకు ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టారు. పాంగ్తీ అంటే వేట సాగిన ఊరే. తమ ఊరి పేరుతో ఒక పక్షి అరేబియా సముద్రం దాటి ఆఫ్రికాకు పోతుంటే వల పన్నడానికి ఎవరికి చేతులొస్తాయి? అంకె శాస్త్రజ్ఞుడి పుస్తకంలో ఉంటుంది. పేరు కాపలా కాసేవాడి నోట్లో ఉంటుంది.

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని బతుకును మూడు మాటల్లో చెప్పుకున్న జనం మనం. మన కామాటీలు రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని కట్టారు. పేటకు వాళ్ల పేరు దక్కింది, గల్లీలకు అంకెలు మిగిలాయి. ఇప్పుడు గృహనిర్మాణ సంస్థ మ్హాడా పునర్నిర్మాణం వస్తోంది. గోడలు కూలతాయి, చెట్లు పోతాయి. గూటిని చెదరగొట్టడం కూడా వేటేనని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. బుల్డోజరు తోలేవాడికి ఆ మాట ఎవరు చెబుతారు?

కప్పు కారే ఖోలీలో బతికేవాళ్లకు గద్దల గొడవెందుకని అడిగేవాళ్లున్నారు. గూటిని లెక్కపెట్టని పునర్నిర్మాణ సర్వే ఖోలీలో ఉన్న ముసలమ్మనూ సరిగ్గా లెక్కపెట్టదు. రెండు లెక్కలూ కలిపే అడగాలి.

కూల్చివేతకు ముందు, గద్దలు గుడ్లు పెట్టే చలికాలంలో, ప్రతి చెట్టూ ప్రతి టవరూ చూసి గూళ్లు రాయాలి. అనుమతి ఉన్న నిపుణులే పిల్లలకు రింగులు వేయాలి. తొందరపడితే లేత కాలి నుంచి రింగు జారిపోతుంది, ఆలస్యమైతే బెదిరిన పిల్ల గూట్లోంచి దూకేస్తుంది. కాలు పూర్తిగా ఎదిగి రెక్క ఇంకా ఎదగని ఆ కొద్ది రోజులే అదను. పేర్లు మాత్రం గల్లీ పిల్లలే పెట్టాలి: పాలమూరు, సిరిసిల్ల, పోచమ్మ, మార్కండేయ. బిల్డరు పేరు వద్దు, కార్పొరేటరు పేరు అసలే వద్దు.

పాంగ్తీ ఒక ఊరు. అది చేసిన పనిని ఇన్ని గల్లీల పేట చేయలేదంటే నేను ఒప్పుకోను. వచ్చే చలికాలం దాటనివ్వకండి. సర్వే కాగితంతో గల్లీలోకి వచ్చే మొదటి అధికారిని ఆపి అడగండి: మా గద్దల లెక్క ఏ పేజీలో ఉంది?