పోలండ్ వీసా వస్తే యూరప్ అంతా మనదేనా?

మాచర్ల దాటి విజయపురి సౌత్ లాంచీ స్టేషన్ దగ్గర నాగార్జునకొండ చూడ్డానికి పోలండ్ నుంచి ఓ కుర్రాడు వచ్చాడనుకోండి. అతని జేబులో ఉన్న ముదురు ఎరుపు పాస్‌పోర్టు ప్రపంచంలోని బలమైన పాస్‌పోర్టుల్లో ఒకటి. ముందుగా వీసా తీసుకోకుండానే 180కి పైగా దేశాలు, ప్రాంతాలు తిరిగి రావొచ్చు. మన నీలం పాస్‌పోర్టుకి ఆ లెక్క 60 లోపే. అయినా అతను కృష్ణా మధ్యలో ఉన్న మన కొండ చూడాలంటే మాత్రం బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, భారత ప్రభుత్వం ఇచ్చే ఈ-వీసా తీసుకోవాల్సిందే. ఆ టూరిస్టు వీసాతో మ్యూజియం చూడొచ్చు, ఫొటోలు దిగొచ్చు. పల్నాడులో ఏ సిమెంటు ఫ్యాక్టరీలోనూ ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయడానికి లేదు.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. ‘పోలండ్ వర్క్ వీసా. ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు. ఒక్కసారి దిగితే యూరప్ అంతా మీదే’ అనే తరహా మెసేజీ ఈపాటికి ఏదో ఒక గ్రూపులో మీకూ వచ్చే ఉంటుంది. ఆ చివరి వాక్యం దగ్గరే అసలు చిక్కు. పోలండ్ పాస్‌పోర్టు ఉన్నవాడికి దక్కే హక్కుల్ని, పోలండ్ వీసా ఉన్న మనకి దక్కే అనుమతితో కలిపేసి చెబుతున్నారు. వాటి మధ్య తేడా తెలియకుండా నరసరావుపేటలోనో గురజాలలోనో అడ్వాన్సు కట్టేస్తే, తేడా వార్సా వెళ్లాక తెలుస్తుంది.

ఉన్నట్టుండి పోలండ్ ఎందుకు?

మన వాళ్ల చూపు ఎప్పుడూ అమెరికా మీదే. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉన్నవారి కోసం కొత్తగా వేసే హెచ్-1బీ దరఖాస్తుకి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ఆదేశం అమల్లోకి వచ్చింది. దాంతో బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవారు జర్మనీ, ఐర్లాండ్, పోలండ్ అంటూ వెతకడం సహజం. పోలండ్ పేరు మనకు అంతకుముందే తెలుసు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది సరిహద్దు దాటి పోలండ్ చేరారు. అక్కడి జెషుఫ్ నుంచే ఆపరేషన్ గంగ విమానాలు ఎక్కారు. అప్పుడు పోలండ్ మన విద్యార్థుల్ని వీసా లేకుండానే లోపలికి రానిచ్చింది. అది ఆపద సమయంలో చేసిన సాయం. మామూలు రోజుల్లో నిబంధన నిబంధనే.

పైగా ఆ నిబంధనలు ఈమధ్య బిగుసుకున్నాయి. దానికీ కారణం ఉంది. డబ్బు తీసుకుని వీసాలు త్వరగా ఇప్పించారన్న ఆరోపణలు పోలండ్ ప్రభుత్వాన్నే కుదిపేశాయి. 2023 ఆగస్టులో విదేశాంగ ఉపమంత్రి పదవి పోయింది. ఆ దెబ్బతో ఆసియా, ఆఫ్రికాల నుంచి వచ్చే దరఖాస్తుల మీద నిఘా పెరిగింది. మనలో నూరు శాతం నిజమైన కాగితాలతో వెళ్లేవాడికీ ఆ అనుమానం తప్పదు.

వాళ్ల పాస్‌పోర్టుకి ఆ బలం ఎక్కడిది?

పోలండ్ 1999లో నాటోలో చేరింది. ఇరాక్ యుద్ధానికి అమెరికా వెంట సైన్యాన్ని పంపింది. అంత స్నేహం ఉన్నా, పోలండ్ పౌరులు అమెరికా చూడాలంటే ఏళ్ల తరబడి మనలాగే కాన్సులేట్ ముందు నిలబడి వీసా ఇంటర్వ్యూకి వెళ్లేవారు. అమెరికా పెట్టిన లెక్క ఒకటే: సందర్శక వీసా అడిగిన పోలండ్ వాసుల్లో తిరస్కరణలు 3 శాతం కంటే తక్కువ ఉండాలి. ఆ గీత దాటడానికి 2019 దాకా పట్టింది. ఆ ఏడాది నవంబరు 11 నుంచి వారికి వీసా మినహాయింపు వచ్చింది. ఇప్పుడు ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకుంటే చాలు, 90 రోజులు తిరగొచ్చు. దాని ఫీజు కూడా 2025 సెప్టెంబరు 30 నుంచి 21 డాలర్ల నుంచి 40 డాలర్లకు పెరిగింది.

అంటే నాయకుల కరచాలనాల కంటే మామూలు దరఖాస్తుదారుల కాగితాలే ఎక్కువ పని చేశాయన్నమాట. మన వైపు నుంచి ఒక దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్ వెళ్తే ఆ ఒక్కడి వీసాతో పోదు, తర్వాత వరసలో ఉన్నవాడి ఫైలునీ అధికారి రెండుసార్లు చూస్తాడు. నాకు ఇది ఏజెంట్ల మోసాల కంటే కూడా ఎక్కువ బాధ కలిగించే విషయం.

ఉద్యోగార్థులుగా మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఎస్టాతో పోలండ్ వాడు అమెరికాలో ఉద్యోగం చేయలేడు. అతనికీ హెచ్-1బీ కావాల్సిందే. ఏటా ఉండే 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా ఉండే 20 వేల కోటాలోనే మీతోపాటు అతనూ లాటరీలో ఉంటాడు. ఆ లక్ష డాలర్ల ఆదేశం అతనికీ వర్తిస్తుంది. బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరగానే బ్రిటన్ తలుపులు తెరిచింది, లక్షల మంది వెళ్లి పనుల్లో చేరారు. బ్రెగ్జిట్ తర్వాత 2020 డిసెంబరు 31తో ఆ స్వేచ్ఛ ముగిసింది. ఇప్పుడు కొత్తగా లండన్‌లో ఉద్యోగం చేయాలంటే పోలండ్ పౌరుడు కూడా స్కిల్డ్ వర్కర్ వీసా తెచ్చుకోవాలి. ఊరికే చూసి రావాలన్నా 2025 ఏప్రిల్ 2 నుంచి ఈటీఏ అనుమతి ఉండాలి. అంత బలమైన పాస్‌పోర్టూ యూరప్ దాటితే ఉద్యోగం దాకా తీసుకెళ్లడం లేదు.

మన చేతికి వచ్చేది ఏమిటి?

పోలండ్‌లో పనికో చదువుకో వెళ్లేవారికి ఇచ్చేది జాతీయ వీసా, దాన్నే డి-టైప్ అంటారు. గరిష్ఠంగా ఏడాది. తర్వాత అక్కడే ‘కార్తా పోబితు’ అనే నివాస కార్డుకి దరఖాస్తు చేసుకోవాలి. ఈ వీసా గానీ, కార్డు గానీ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగొచ్చు. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలు. తిరగడం వరకే అనుమతి, అక్కడ పనిచేయడానికి కాదు. బెర్లిన్‌లో హోటల్లో గిన్నెలు కడిగినా, నెదర్లాండ్స్‌లో గోదాములో పెట్టెలు మోసినా అది చట్టవిరుద్ధమే. పోలండ్ పౌరుడైతే 27 ఈయూ దేశాల్లో ఎక్కడైనా ఉద్యోగం వెతుక్కోవచ్చు. ఆ హక్కు అతని పౌరసత్వంతో వచ్చింది, వీసాతో రాలేదు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, బ్రిటన్ ఈయూలోనే లేదు. పోలండ్ కార్డు చూపించి ఆ రెండు చోట్లకి మనం వెళ్లలేం, విడిగా వీసా కావాలి.

‘సరిహద్దుల్లో ఎవరూ అడగరు బ్రో’ అని చెప్పేవాళ్లుంటారు. ఒకప్పుడు అది చాలావరకు నిజం. జర్మనీ 2023 అక్టోబరు నుంచి పోలండ్ సరిహద్దులో తనిఖీలు పెట్టింది. 2025 జులైలో పోలండ్ కూడా తన వైపు మొదలుపెట్టింది. దొరికితే వెనక్కి పంపడంతో ఆగదు. ప్రవేశ నిషేధం పడితే ఆ పేరు షెంగెన్ ఉమ్మడి సమాచార వ్యవస్థలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత నిజమైన ఆఫరుతో ఫ్రాన్స్‌కి దరఖాస్తు పెట్టుకున్నా తెరమీద అదే కనిపిస్తుంది. ఇక షార్ట్ వీసా మీద వెళ్లి ఉండిపోదాం అనుకుంటే, 2025 అక్టోబరు 12న ఈఈఎస్ మొదలైంది. స్టాంపుల స్థానంలో ముఖం, వేలిముద్రలతో రాకపోకల్ని నమోదు చేసి, ఎన్ని రోజులున్నారో కంప్యూటరే లెక్కేస్తుంది.

ఈటీఐఏఎస్ అనే మాట కూడా వినిపిస్తోంది. 20 యూరోల ఆన్‌లైన్ అనుమతి, 2026 చివరి త్రైమాసికంలో మొదలవుతుందని ప్రకటించారు. అది అమెరికన్లు, బ్రిటిషర్ల వంటి వీసా అక్కర్లేని వారికి. మనకు వీసానే కావాలి కాబట్టి ఈటీఐఏఎస్‌తో మనకు పనే లేదు. ‘ముందే ఈటీఐఏఎస్ చేయించి పెడతాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

పర్మిట్ ఎవరు అడగాలి, ఎంత ఖర్చు?

పోలండ్‌లో 16 రాష్ట్రాలున్నాయి. ఒక్కోదానికి ‘వొయివోడ’ అనే ప్రభుత్వ ప్రతినిధి ఉంటారు. వర్క్ పర్మిట్ ఇచ్చేది ఆ కార్యాలయమే. దరఖాస్తు పెట్టాల్సింది మీరు కాదు, ఏజెంటూ కాదు. మీకు ఉద్యోగమిచ్చే కంపెనీ పెట్టాలి. 2025 జూన్ 1 నుంచి కొత్త చట్టం ప్రకారం ఇదంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది. పర్మిట్ మీద కంపెనీ పేరు, పని, జీతం ఉంటాయి. ఆ కంపెనీ వదిలేస్తే ఆ పర్మిట్ పనికిరాదు. ఇంకో విషయం, పర్మిట్ వచ్చినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు. పోలండ్ కాన్సులర్ అధికారి వద్దనొచ్చు. ‘పర్మిట్ వచ్చేసింది, మిగతా డబ్బు కట్టు’ అనే ఫోన్ వచ్చేది సరిగ్గా ఈ రెండింటి మధ్యే.

జీతం లెక్క చూద్దాం. 2026లో పోలండ్ కనీస వేతనం నెలకు 4,806 జ్లోటీలు. పన్ను, బీమా పోగా చేతికి సుమారు 3,600. జ్లోటీని 25 రూపాయలు వేసుకుంటే 90 వేలు. వినడానికి బాగానే ఉంది. అందులోంచే గది అద్దె, తిండి, చలికి బట్టలు. ఇక ఏజెంటుకి 6 లక్షలు కట్టడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు 12 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అసలు 6 లక్షలు తీసుకునే హక్కే ఎవరికీ లేదు. 1983 వలసల చట్టం కింద విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ప్రతి ఏజెంటుకీ కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. అభ్యర్థి నుంచి తీసుకోగల సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లైసెన్సు నంబరు నిజమో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు. రసీదు అడిగితే ముఖం మారిందంటే సంగతి అర్థమైనట్టే.

ఇంజినీరింగ్ చదివినవారికి దీనికంటే మంచి దారి ఉంది. ఈయూ బ్లూ కార్డు. పోలండ్‌లో దీనికి జీతం అక్కడి సగటు వేతనానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. 2025లో అది నెలకు 12 వేల జ్లోటీలు దాటింది. ఫ్రెషర్‌కి కష్టమే. అందుకే రెండు, మూడేళ్ల అనుభవం తర్వాత దీన్ని ఆలోచించండి. బ్లూ కార్డుతో ఏడాది పనిచేశాక ఇంకో ఈయూ దేశానికి చట్టబద్ధంగా మారే వెసులుబాటు ఉంటుంది. ‘యూరప్ అంతా మీదే’ అన్న మాటకు కాస్త దగ్గరగా వచ్చేది ఇదొక్కటే.

చదువు దారిలో వెళ్తే రెగ్యులర్ కోర్సు చేస్తూ, స్టూడెంట్ వీసా మీద పర్మిట్ లేకుండానే పని చేసుకోవచ్చు. డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 9 నెలల నివాస అనుమతి అడగొచ్చు. అయితే 2025 మార్పులతో, కోర్సు చెప్పే భాషలో బీ2 స్థాయి ఉన్నట్టు రుజువు చూపాలి. ‘ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు’ అనే ప్రకటనలు పాత రోజులవి. ఇక్కడ ఒక జాగ్రత్త: పైన చెప్పిన 30 వేల పరిమితి ఉద్యోగాల ఏజెంట్లకే. చదువుల కన్సల్టెన్సీలు ఆ చట్టం కిందికి రావు. వాళ్లకి ఏం కడుతున్నారో, దేనికి కడుతున్నారో కాగితం మీద రాయించుకోండి.

చివరికి ఆ పాస్‌పోర్టే వస్తుందంటే?

వస్తుంది, కానీ చాలా దూరం. ముందు 5 ఏళ్లు చట్టబద్ధంగా ఉండి దీర్ఘకాల నివాస హోదా తెచ్చుకోవాలి. చదువుకున్న కాలాన్ని అందులో సగమే లెక్కిస్తారు. ఆ హోదాతో మరో 3 ఏళ్లు ఉండి, పోలిష్ భాషలో బీ1 సర్టిఫికెట్ చూపాలి. వచ్చిన రోజు మన పౌరసత్వం పోతుంది. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు, నీలం పాస్‌పోర్టు అప్పగించాలి. ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. దాంతో రాకపోకలకు వీసా అక్కర్లేదు, కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. గురజాల దగ్గర రెండెకరాల మిర్చి చేను అమ్మి వెళ్లేవాడు, పోలండ్ పౌరుడయ్యాక అదే చేను తిరిగి కొనుక్కోలేడన్నమాట.

ఇదంతా తర్వాతి సంగతి. ఇప్పుడు, చివరి సెమిస్టర్‌లో ఉండగానే, చేసుకోదగ్గ పని ఒకటుంది. మీ పదో తరగతి మెమో, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి చూడండి. మనలో చాలామందికి ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుల మీద యూఏఈ టూరిస్టు వీసాలు ఆపేసింది. యూరప్ ఫారాల్లోనూ ఇంటిపేరు, పేరు విడివిడిగా అడుగుతారు. పాస్‌పోర్టుని సరిచేయించడానికి విజయవాడ ప్రాంతీయ కార్యాలయం పరిధిలో స్లాట్ తీసుకుంటే చాలు. డిగ్రీ సర్టిఫికెట్లో తప్పుంటే మాత్రం యూనివర్సిటీ చుట్టూ తిరగాలి. ఆ తర్వాతే విదేశాంగ శాఖ అపోస్టిల్. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మొదలుపెడితే చేరాల్సిన తేదీ దాటిపోతుంది.