చిరునామా మారింది, ఇల్లు మారలేదు

జిల్లా పేజీల్లో తరచూ ఓ ఫొటో కనిపిస్తుంటుంది. ముందు వరసలో కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న సార్లు, వెనక నిలబడి జుట్టు పలచబడ్డ శిష్యులు, పైన ఫ్లెక్సీ. కింద 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని ఓ లైను. చూసి పేజీ తిప్పేస్తాం. అసలు కథంతా ఆ ఫొటోకి ఆర్నెల్ల ముందు నుంచే నడుస్తూ ఉంటుంది. ఎవరెక్కడున్నారో వెతికి, ఫోన్ నంబర్లు పోగేసి, 'నీ సంగతులు నాలుగు ముక్కలు రాయరా బాబూ' అని ఒక్కొక్కరి వెంటపడే ఆర్నెల్లున్నాయి చూశారూ, నన్నడిగితే అసలు సమ్మేళనం అదే. భోజనాలూ ఫొటోలూ దాని తర్వాత వేసుకునే తాంబూలం లాంటివి.

మా బీఎస్సీ బ్యాచ్ 2000లో బయటికొచ్చింది. పాతికేళ్ల పండగ 2025 డిసెంబరులో అనుకున్నాం. ఏప్రిల్‌లోనే వాట్సాప్‌లో ఓ ఫారం తిరిగింది. పేరు, ఉద్యోగం, హోదా, పిల్లలు, వాళ్ల చదువులు, ప్రస్తుత చిరునామా. దూరంగా ఉన్నవాళ్లు ముందు నింపారు. డాలస్, న్యూజెర్సీ, దుబాయ్... ఇంటి ముందు కారు, కారు ముందు కుటుంబం, ఫొటోలతో సహా వచ్చిపడ్డాయి. దగ్గరున్నవాళ్లు మాత్రం కిక్కురుమనలేదు. అందరికన్నా దగ్గర, కాలేజీలో నా పక్క బెంచీ వాడు. ఉండేది గుమ్మడిదలలో. మే వచ్చింది, జూన్ వచ్చింది, వాడి ఫారం రాలేదు.

గుమ్మడిదల తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బాలానగర్ నుంచి నర్సాపూర్, మెదక్ వెళ్లే రోడ్డు మీద దుండిగల్ దాటాక వస్తుంది. బొంతపల్లి వీరభద్రస్వామి దర్శనానికి వెళ్లినవాళ్లు ఆ దారిన పోయే ఉంటారు. ఆ చుట్టుపక్కల బొంతపల్లి, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం, అవతల పటాన్‌చెరు, పాశమైలారం... అన్నిచోట్లా ఫ్యాక్టరీలే. అందులో చాలా భాగం మందుల్లోకి ముడిసరుకు తయారుచేసేవి. బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనలాగే ఇంకెందరో సొంతంగా మొదలుపెట్టారు. వాళ్లందరికీ కావాల్సింది కెమిస్ట్రీ చదివిన కుర్రాళ్లు. మా బ్యాచ్‌లో కంప్యూటర్ని నమ్ముకున్నవాళ్లు అమీర్‌పేటలో దిగారు, కెమిస్ట్రీని నమ్ముకున్నవాళ్లు బొల్లారంలో దిగారు. (నేను రెండింటికీ కాకుండా పత్రికల్లో పడ్డాను, అది వేరే కథ.)

చివరికి నేనే ఫోన్ చేశాను.

"నాదేమున్నదిరా రాయనీకి? గదే ఊరు, గదే షిఫ్టు" అన్నాడు.

సరే, నువ్వు చెప్పు, నేను నింపుతానన్నాను. చిరునామా దగ్గర ఆగాడు. "కాలేజీల ఇచ్చిన అడ్రస్ యాదికుందా నీకు? ఆంధ్రప్రదేశ్, మెదక్ జిల్లా, జిన్నారం మండలం, గుమ్మడిదల. ఇప్పుడు రాస్కో. తెలంగాణ, సంగారెడ్డి జిల్లా, గుమ్మడిదల మండలం." 2014లో రాష్ట్రం మారింది. 2016 దసరా రోజున జిల్లా, మండలం రెండూ మారాయి. ఊరి పేరొక్కటే మిగిలింది. "నేను ఇల్లు కదల్లే. నా సుట్టున్నదే మారింది" అని నవ్వాడు.

ఆ తర్వాత గంటసేపు మాట్లాడాడు. ట్రైనీ కెమిస్టుగా చేరిన రోజుల్లో రాత్రి షిఫ్టులో రియాక్టర్ పక్కన నిలబడి అరగంటకోసారి ఉష్ణోగ్రత రాసుకోవడం. ఇంటికెళ్లి ఎంత సబ్బు రాసినా వదలని సాల్వెంట్ వాసన. ఆ వాసనకి పెళ్లైన కొత్తలో భార్య ముక్కు మూసుకోవడం, తర్వాత ఆ వాసన లేని రోజున 'ఇయ్యాల డ్యూటీకి పోలేదా' అని అడగడం. అమెరికా నుంచి ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారంటే వారం రోజులు ఇల్లు మొహం చూడకపోవడం. 2025లో ప్యారానగర్‌లో డంపింగ్ యార్డు వద్దంటూ చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కితే డ్యూటీ దిగి తానూ వెళ్లి కూర్చోవడం. నీళ్ల సంగతి నేనే కదిపాను. పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. "అన్నం పెట్టింది గదే, నీళ్లు పాడుజేసింది గదే. ఏమని రాస్తవ్ దాన్ని?" అన్నాడు. ఫారంలో దానికి గడి లేదు.

అమెరికాలో హార్వర్డ్ వాళ్లకి ఓ అలవాటుంది. ఐదేళ్లకోసారి, కలుసుకోబోయే ముందు, ఎవరి సంగతులు వాళ్లు రాసి పంపితే పుస్తకంగా వేస్తారు. ఎర్ర అట్ట కాబట్టి రెడ్ బుక్ అంటారు. బాగానే ఉంది. అయితే అక్కడైనా ఇక్కడైనా రాసేది రాయడానికి ఏదో ఉందనుకున్నవాళ్లే. హోదా అని ఓ గడి పెట్టగానే సగంమంది కలం మూసేస్తారని నా అనుమానం.

2025 జూన్ 30, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో పాశమైలారంలోని ఓ ఫ్యాక్టరీలో పేలుడు. నలభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. డాలస్‌లో అప్పుడు ఆదివారం రాత్రి పదకొండు. టీవీలో పొగ కనిపించగానే అక్కడి నుంచే మొదటి మెసేజీ వచ్చింది: 'మనోళ్లు ఎవరెవరున్నార్రా ఆడ?' రెండు నెలలుగా నోరు విప్పనివాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. 'బాగున్న.' 'నైట్ దిగి ఇంటికొచ్చిన.' 'మాది వేరే కంపెనీ, ఇబ్బంది లేదు.' లెక్కపెడితే పదకొండు మంది. ఈ బెల్టులో మావాళ్లు అంతమంది ఉన్నారని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. గుమ్మడిదల వాడి మెసేజీ ఆఖరున, మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. పొద్దున షిఫ్టులో ఉన్నాడట, ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి వెళ్లాలి. ఆ నాలుగైదు గంటలు గ్రూపులో ఎవరూ మరో మాట మాట్లాడలేదు.

ఆ వారమే ఫారం మారింది. హోదా తీసేశారు. ఆ గడిలో రక్తం గ్రూపు, పక్కన ఇంట్లోవాళ్ల నంబరు చేర్చారు. ఈసారి అందరూ నింపారు.

తేదీ దగ్గర మళ్లీ పేచీ. విదేశాల వాళ్లకి క్రిస్మస్ సెలవులు కావాలి. డిసెంబరు ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం విందు అన్నారు. గుమ్మడిదల వాడు మొదటిసారి తనంతట తాను గ్రూపులో రాశాడు: 'ఆదివారం అందరికి సెలవు ఉండదురా. నాది ఆ రోజు బీ షిఫ్టు. రెండింటికి గేట్ల ఉండాలె.' అందరి షిఫ్టులూ అడిగి కాగితం మీద వేసుకున్నాం. విందు కాస్తా టిఫిన్లయింది. పొద్దున్న ఎనిమిదింటికి ఇడ్లీ, ఉప్మా. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు ముగ్గురు స్నానాలు కూడా చేయకుండా నేరుగా వచ్చారు. డాలస్ వాడు వాళ్ల పక్కనే కూర్చుని, 'ఈ వాసన మన ల్యాబ్‌ది కదరా' అన్నాడు. ఒంటిగంటకి గుమ్మడిదల వాడు చెయ్యి కడుక్కుని బండి తీశాడు. పొద్దున షిఫ్టు వాళ్లు నలుగురికి ప్లేట్లు మూతపెట్టి ఉంచాం. వాళ్లు వచ్చేసరికి మూడైంది.