వణకెడు మర, ఓడకై ఎదురుచూపు

అండమాను దీవులలోని డాలీగంజ్‌లో మా యింటికి నాలుగిండ్ల అవతల, రేకుల కప్పు క్రింద, ఒక యువకుడు స్వహస్తములతో కూర్చుకొన్న, కంప్యూటరు ఆజ్ఞలతో నడచు సీఎన్‌సీ యంత్రము గడచిన వర్షాకాలమంతయు సాయంకాలపు వేళ ఒకవిధమైన ఆర్తనాదము చేయుచుండెను. అల్యూమినియపు దూలములు, మూడు స్టెప్పర్ మోటార్లు, కత్తిని త్రిప్పుటకొక రౌటరు, ఇవి దాని సర్వస్వము. పడాక్ కొయ్యపై తలుపుల నగిషీలు, నామఫలకములు చెక్కి జీవింపవలెనని అతని సంకల్పము. కత్తి కొయ్యను తాకినంతనే మర గజగజ వణకును. నునుపుగా రావలసిన అంచు దువ్వెనపండ్లవలె గాట్లు పడి వచ్చును. అతడు మొదట కత్తిని మార్చెను. పిదప మరియొక కంపెనీ కత్తిని తెప్పించెను. తుదకు అప్పు చేసి ఇంకను పెద్ద మోటారు కొనెను. వణకు తగ్గకపోవుటయే కాక, మోటారు బరువు పెరిగినందున మరింత హెచ్చెను.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని మన సామెత. ఇచ్చట సామెత తలక్రిందైనది: నిజముగా మద్దెలయే ఓడు కాగా మనము నర్తకిని మార్చుచున్నాము. హైదరాబాదులోనో విజయవాడలోనో అక్కరలేని వస్తువు కొన్నవాడు ఒక సాయంకాలమును, కొంత ధనమును పోగొట్టుకొనును. ఈ దీవులలోనివాడో, చెన్నపట్టణమునుండి గాని విశాఖపట్టణమునుండి గాని ఓడ బయలుదేరువరకు వేచి, సుమారు మూడు దినముల సముద్రయానము ముగియువరకు వేచి, దిగిన సరకు చేతికందువరకు మరల వేచి, తుదకు మూట విప్పినపుడు పొరపాటు తెలిసికొనవలసి వచ్చును. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భపు అంతర్జాల తీగ పని ఆరంభించినది మొదలు సలహాలు క్షణములో వచ్చుచున్నవి. బరువు సామాను మాత్రము ఇప్పటికిని ఓడలోనే రావలెను. సలహా అందుటకును సామాను అందుటకును నడుమగల ఈ ఎడమునందే తొందరపాటు కొనుగోళ్లు పుట్టుచున్నవని నా అభిప్రాయము.

లోహములను కోయు విద్యను శాస్త్రముగా మలచిన అమెరికా ఇంజనీరు ఎఫ్. డబ్ల్యు. టేలరు 1906లో వెలువరించిన బృహద్వ్యాసములోనే ఈ అదురును మరపనివారికి ఎదురగు సమస్యలన్నింటిలో అతి గహనమైనదానినిగా పేర్కొనెను. కనుక మన కుర్రవాడు సిగ్గుపడవలసినది లేదు. దాని మర్మమిది: కత్తి పన్ను ఒకటి కొయ్యపై విడిచిపోయిన అలను తరువాతి పన్ను కోయవలసి వచ్చును, ఆ అలవలన పొట్టు దళసరి మారును, దళసరి మారుటవలన కత్తిపై పడు బలము మారును, బలము మారుటవలన యంత్రము మరల ఊగి మరియొక అలను విడిచిపోవును, ఇట్లు తన్ను తానే పోషించుకొనుచు ఆ అదురు పెరుగును. పనివారు దీనినే చాటరు అందురు.

అయితే ప్రతి వణకును చాటరు కాదు. నిమిషమునకు 18,000 చుట్లు తిరుగు రెండు పండ్ల కత్తి సెకనుకు 600 మార్లు కొయ్యను కొట్టును. వేగమును 15,000కు దించినచో 500 మార్లు కొట్టును. వేగముతోపాటు ధ్వనియు దిగినచో దోషము తిరుగుచున్న భాగములలో, అనగా వంకరగా కూర్చున్న కత్తిలోనో, కత్తిని బిగించు కాలెట్‌లో చిక్కిన రంపపుపొట్టులోనో, అరిగిన బేరింగులోనో కలదని ఊహింపవచ్చును. వేగము మారినను ధ్వని స్థాయి ఇంచుమించుగా మారకున్నచో ఆ ధ్వని యంత్రదేహమునకు సహజమైనది. మద్దెలను ఎంత త్వరగా వాయించినను, ఎంత నిదానముగా వాయించినను దాని శ్రుతి మారదు గదా! పైసా వ్యయము లేని ఈ పరీక్షకు చెవి యొకటి చాలును.

ఇక దేహపరీక్ష. మోటారును ఆపి, కత్తిని త్రిప్పు స్పిండిల్ ముక్కునకు, కదలికను ముల్లుతో చూపు డయల్ గేజి ఆనించి, చేతితో ఒకమారు నెట్టి చూడవలెను. కోయవలసిన పొట్టు మిల్లీమీటరులో పదవవంతైనను లేనపుడు, చేయి తాకినంతనే రెండు పదవ వంతులు కదలు యంత్రమునుండి నునుపైన అంచును కోరుట అత్యాశ. ముల్లు ఎచ్చట కదలుట మానునో కనుగొనుచు, స్పిండిల్ నుండి దానిని పట్టుకొన్న పలకకు, పలకనుండి అడ్డదూలమునకు, దూలమునుండి పీఠమునకు, పీఠమునుండి బల్లకు క్రమముగా దిగి పోవలెను. ఒక పర్యాయము ఒక్కటే మార్చవలెను. బయటికి పొడుచుకొని వచ్చిన కత్తి నిడివిని సగమునకు తగ్గించినచో దాని బిగి ఎనిమిది రెట్లగును. వ్యాసమును రెట్టింపు చేసినచో పదునారు రెట్లగును. క్రొత్త మోటారు ఈ లెక్కలో ఎచ్చటను లేదు. మన వానకాలపు తేమకు ఉబ్బిన ప్లైవుడ్ బల్ల, ఉప్పుగాలికి తుప్పుపట్టి వదులైన నట్టు, నడుమ పట్టు లేక డప్పువలె మ్రోగు కొయ్యపలక, ఇవియు పరీక్షార్హములే.

మరియొక భ్రమ కలదు. వణకు వినబడగానే భయపడి కత్తిని మెల్లగా నడుపుదురు. అంతట కత్తి కోయుట మాని రాయుట మొదలిడును, అంచు మాడును, వణకు మాత్రము పోదు. తగ్గింపవలసినది కోత లోతు, పిదప చుట్ల వేగము. ముందుకు నడచు వేగము కాదు. పడాక్ మన ఎర్రచందనమునకును వేగిసకును దాయాది. దాని పోగులు ఎదురెదురుగా అల్లుకొని యుండుటచేత ఒక దిశలో నున్ననైన కోత మరియొక దిశలో చిట్లును. 1883లో స్థాపితమైన చాతమ్ రంపపు మిల్లు ఇట్టి కొయ్యను తరతరములుగా కోసిన దీవులివి; ఆ నేర్పు యంత్రము మారినంతమాత్రమున ఎందుకు మరుగుపడవలెను?

ఇట్టి బొమ్మయంత్రములేల, కర్మాగారములో పోతపోసినవాటినే కొనరాదా యని కొందరందురు. 1943లో సికింద్రాబాదున వెలసిన ప్రాగా టూల్స్ యంత్రకర్మాగారపు కాలమునుండి మన యంత్రములకు పోతయినుమే దేహమైనది, దానిలోని గ్రాఫైటు రేకులు కంపమును మ్రింగును గనుక, అది నిజమే. కాని టన్ను బరువుగల ఇనుమును ఓడలో దింపి తెచ్చుకొను స్తోమత ఎందరికి గలదు? దూలపు గొట్టములలో ఎపాక్సీ కలిపిన ఇసుక నింపినచో ఆ గుణములో కొంత ఇంటనే లభించును. ఇక కొలత సాధనముల మాట: సముద్రవిజ్ఞాన కేంద్రమును, వైద్యపరిశోధన కేంద్రమును గల డాలీగంజ్‌లో, పహాడ్‌గావ్ సాంకేతిక విద్యాలయపు అధ్యాపకులు వారమునకొక సాయంకాలము కూర్చుండు కొలతబల్ల, దానిపై ఒక గ్రానైటు పలక, రెండు డయల్ గేజులు, ఒక తీగత్రాసు, ఇంతమాత్రము ప్రజలందరకు తెరచి యుంచుట పాలకులకు భారము కానేరదు. 2011 జనగణన ప్రకారము ఈ దీవుల జనులలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. ఆ బల్ల కడ తెలుగు మాటయు వినబడవలెను.

మా కుర్రవాడు తుదకు ఒక డయల్ గేజి అరువు తెచ్చుకొనెను. కత్తిని నలుబది మిల్లీమీటర్లనుండి ఇరువదికి లోపలికి నెట్టగా ఆర్తనాదము సగము తగ్గెను. ముల్లును వెంబడించి పోగా, నిలువు పలకను మోయు చక్రములలో ఒకటి పట్టాను తాకనే తాకుట లేదని తేలెను. నట్టును పావు చుట్టు బిగించెను. అప్పు చేసి తెప్పించిన పెద్ద మోటారు ఇప్పుడు అతని వసారాలో పచ్చి పడాక్ పలకలు వంగకుండ వానిపై బరువుగా కూర్చుండి యున్నది.