పాదాల ఆరోగ్యం కూడా పనిహక్కే

జూన్‌లో మొదలైన వానలు అక్టోబరు వరకు వదలని కోల్‌కతా నగరంలో, ఉత్తరాల సంచితో తిరిగే పోస్టుమన్‌కు గాని, పట్టాల వెంట నడిచే ట్రాక్ మెయింటెయినర్‌కు గాని పొడి బూట్లు దక్కడం అరుదు. 2025 సెప్టెంబరు 22 రాత్రి నుండి మరునాటి ఉదయం వరకు అక్కడ సుమారు 250 మిల్లీమీటర్ల వర్షం కురిసి, వీధులు, రైలు పట్టాలు నీట మునిగినవి. అట్టి నీరు ఒకటి రెండు నాళ్ళలో తీసిపోవును. తడి బూట్లతో డ్యూటీ చేసిన వారి వేళ్ళ సందుల్లో దురద మాత్రం నెలల తరబడి నిలుచును.

"వేళ్ళ సందులు పాచాయి" అని మనం తేలికగా తీసివేసే ఈ జబ్బు చాలాసార్లు పాదాల తామర. చర్మపు పైపొరను తిని బ్రతికే బూజుజాతి సూక్ష్మజీవి దీనికి కారణం. తడి, వేడి, గాలి తగలని బూటు దానికి అనుకూలం. రన్నింగ్ రూముల, ఆర్.ఎం.ఎస్. విశ్రాంతి గదుల తడి స్నానపు గచ్చుపై, ఒకే తువ్వాలును పలువురు వాడుటవల్ల అది ఒకరినుండి ఒకరికి సోకును. పగిలిన చర్మం గుండా ఇతర క్రిములు చొరబడి కాలు వాచవచ్చు. మధుమేహ రోగులకు ఇది మరింత ప్రమాదం.

నివారణ కష్టమైనది కాదు. డ్యూటీ దిగగానే పాదాలు కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడువవలెను. మేజోళ్ళు ప్రతిదినం మార్చవలెను. తడిసిన బూట్లు పూర్తిగా ఆరిన పిమ్మటనే తొడగవలెను. స్నానపు గదిలో చెప్పులు వాడవలెను. క్లోట్రిమజోల్ వంటి మందును దురద తగ్గగానే మానక, చర్మం బాగుపడిన తరువాత కూడా రెండు వారాలు రాయవలెను.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే స్టెరాయిడ్ కలిపిన క్రీములను నమ్మరాదు. అవి దురదను అణచి తామరను పెంచును. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసినది. సాధారణ మందులకు లొంగని తామర కూడా నేడు మన దేశంలో వ్యాపించియున్నది. కాబట్టి జబ్బు తగ్గకున్నను, గోళ్ళకు సోకినను వైద్యుని చూడవలెను.

అయితే, ఒకే జత బూట్లు ఉన్నవానికి "బూట్లు ఆరబెట్టుము" అని బోధించుట హాస్యాస్పదం. నీటిలో పనిచేయించే యాజమాన్యమే రెండవ జతను, గంబూట్లను, విశ్రాంతి గదులలో పొడి గచ్చును, ఆరబెట్టుకొనే వసతిని కల్పించవలెను. సోదరులారా! మన జాగ్రత్త మనం తీసుకొందాం. ఈ కోరికలను రానున్న వానకాలానికి ముందే ప్రతి శాఖ తన డిమాండ్ల పత్రంలో చేర్చవలెనని కోరుచున్నాము.