కోదాడకు ఒక కౌంటరు కావాలి

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే మిగులుతుంది. ఓటీపీ ఏమో ఎప్పుడో పారేసిన సిమ్‌కు పోతుంది. గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో తేలే పని ఇది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ పోర్టల్ మాత్రం వివరాలు సరిపోలేదని చెప్పి ఊరుకుంటుంది. పని కోసం పేరు నమోదు చేసుకునేవాడికి ఏం తప్పు జరిగిందో, ఎవరిని అడగాలో చెప్పే మనిషి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వారంలో కొన్ని రోజులైనా కౌంటరు దగ్గర కూర్చోవాలి. ఇది పాతకాలపు కోరికేమీ కాదు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు సర్కారు పథకాల కోసం పెట్టిన ప్రజాపాలన సభల్లో కోటికి పైగా దరఖాస్తులు కాగితాల మీదే తీసుకున్నారు. 2025లో యువత స్వయం ఉపాధి పథకమైన రాజీవ్ యువ వికాసాన్ని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి, తర్వాత ఎంపీడీవో, మున్సిపల్ కార్యాలయాల్లోనూ దరఖాస్తులు ఇవ్వొచ్చన్నారు. అవసరం ఉందని సర్కారుకు తెలుసు. కాకపోతే జాతరలా నాలుగు రోజులు నడిపి టెంటు పీకేస్తోంది.

నమోదు ఒక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు. అసలు పని ఆ తర్వాతే ఉంది. 25 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలు ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌కు తెలపాలని 1959 నాటి చట్టం చెప్పేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి దించి, ఎక్స్ఛేంజ్ స్థానంలో కెరీర్ సెంటర్‌ను తెచ్చింది. అది కార్యాలయమైనా కావచ్చు, పోర్టలైనా కావచ్చునట. ఈ వెసులుబాటే నా భయం. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి. కబురు మాత్రం తెలిసినవాళ్ల ద్వారానే తిరుగుతుంది. మిల్లుకు ఫోన్ చేసి ఖాళీలు అడిగి, ఐటీఐ చదివిన పిల్లాణ్ని అక్కడికి పంపే అధికారి చేసే పని పోర్టల్ చేయదు.

మీసేవ ఉంది కదా అంటారు. మీసేవ నిర్వాహకుడు ఫారం నింపి రుసుము తీసుకుంటాడు. దరఖాస్తు ఎందుకు ఆగిందో చెప్పే అధికారం అతనికి లేదు. కౌంటరు పెడితే దళారులు మళ్లీ దిగుతారన్న అభ్యంతరం అంత తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయితే ఆన్‌లైన్‌తో దళారీ పోయాడా? ఆఫీసు వరండాలోంచి నెట్ సెంటర్లోకి మారాడు. తేదీ, నంబరు ఉన్న రసీదు, తిరస్కరిస్తే రాతపూర్వకంగా కారణం ఇస్తే అతని బేరం సగం పడిపోతుంది. ఆన్‌లైన్ చేతనైనవాళ్లు అలాగే చేసుకోవచ్చు, దాన్నెవరూ మూసేయమనడం లేదు. ఖర్చంటారా, కొత్త భవనం అడగడం లేదు. మున్సిపల్ ఆఫీసులో ఒక బల్ల, కంప్యూటరు, జిల్లా కేంద్రం నుంచి వారానికి రెండు రోజులు వచ్చే ఒక ఉద్యోగి చాలు. అది లేకపోతే జిల్లా కేంద్రానికే పోవాలి: కోదాడ నుంచి సూర్యాపేటకు, మిర్యాలగూడ నుంచి నల్లగొండకు సుమారు 40 కిలోమీటర్లు. ఆడపిల్లలకు మహాలక్ష్మి ఉచిత బస్సుంది. మగపిల్లలు రానూపోనూ చార్జీ పెట్టుకోవాలి, పైగా ఆ రోజు కూలీ కూడా పోతుంది.