వకాల్తా ఇచ్చాక పెత్తనం ఎవరిది?

వైద్యుడు నిర్లక్ష్యం చేస్తే రోగి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 1995 నుంచీ ఆ వీలుంది. న్యాయవాది నిర్లక్ష్యం చేస్తే మాత్రం అక్కడికి వెళ్లే వీల్లేదని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చేసింది. వకీళ్ల సేవలూ వినియోగదారుల రక్షణ చట్టం కిందికే వస్తాయని 2007లో జాతీయ కమిషన్ ఇచ్చిన తీర్పును పక్కన పెట్టింది. ధర్మాసనం చూపిన కారణాల్లో ఒకటి ఆలోచించదగ్గది. కేసు నడిపే తీరుపై పెత్తనం కక్షిదారుడిదే. అతను ఒప్పుకోనిదే వకీలు రాజీకి రాలేడు, కోర్టుకు హామీ ఇవ్వలేడు అన్నది ఆ కారణం.

జిల్లా కోర్టుల్లో ఆ పెత్తనం ఎంతమంది చేతిలో ఉంది? ఏం రాసి ఉందో చదవకుండానే వకాల్తా మీద సంతకం పెట్టేవారు కొల్లలు. ఫీజుకు రసీదు అడిగితే ప్లీడరు గారికి కోపం వస్తుందేమోనన్న బెరుకు. వాయిదా ఎందుకు పడిందో గుమాస్తా చెబితేనే తెలిసేది.

నిజానికి నిబంధనలు కక్షిదారుడి పక్షానే ఉన్నాయి. 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల ప్రకారం, తీసుకున్న డబ్బుకు వకీలు లెక్క రాయాలి. అడిగితే నకలు ఇవ్వాలి. తగిన కారణం, ముందస్తు నోటీసు లేకుండా కేసు నుంచి తప్పుకోకూడదు; తప్పుకుంటే చేయని పనికి తీసుకున్న ఫీజు వాపసు చేయాలి. బాకీ ఉందన్న సాకుతో కేసు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడమూ నిషిద్ధమే. తెలంగాణలో రోడ్డు ప్రమాద పరిహారం పొందిన ఒక మహిళపై, ఫీజు చెక్కు చెల్లలేదంటూ ఆమె వకీలే పెట్టిన కేసును 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది ఈ కారణంతోనే.

ఇన్ని హక్కులున్నా, అవి దెబ్బతింటే దిక్కెవరన్నదే చిక్కు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విచారించే క్రమశిక్షణ కమిటీలో ముగ్గురు సభ్యులుంటారు, ముగ్గురూ న్యాయవాదులే. తప్పు రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపించవచ్చు, పేరు తీసేయవచ్చు. అంతేగానీ కక్షిదారుడి నష్టం పూడ్చే అధికారం దానికి లేదు. నష్టపరిహారానికి సివిల్ కోర్టుకు వెళ్లే హక్కును 1926 నాటి చట్టమే ఇచ్చింది. అయితే ఒక వకీలు మీద దావా నడపాలంటే మరో వకీలును వెతుక్కోవాలి. చిన్న ఊళ్లో అది అయ్యే పనేనా?

న్యాయవాదుల భయమూ కొట్టిపారేయదగింది కాదు. ప్రతి దావాలో ఒకరు ఓడక తప్పదు. ఓడిన ప్రతివాడూ వకీలునే బోనెక్కిస్తే ఎవరూ ధైర్యంగా వాదించలేరు. కానీ కేసు ఓడిపోవడం వేరు. గడువులోపు అప్పీలు వేయకపోవడం, వసూలైన సొమ్ముకు లెక్క చెప్పకపోవడం వేరు. రెండోదానికి జవాబుదారీ అడిగినంత మాత్రాన వృత్తి స్వేచ్ఛకు వచ్చే ముప్పేమీ లేదు.

పెత్తనం కక్షిదారుడిదే అన్నందుకు, దాన్ని అతని చేతికి అందించాల్సిన బాధ్యత వ్యవస్థదే. వకాల్తా తెలుగులో ఉండాలి. ఫీజు, ఖర్చులు ముందే కాగితం మీద రాసుకోవాలి. చెల్లించిన ప్రతిసారీ రసీదు ఇవ్వాలి. కేసు స్థితిని ఈ-కోర్ట్స్ యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు గనుక, అందుకు కావలసిన సీఎన్‌ఆర్ నంబరును (కేసు గుర్తింపు సంఖ్యను) కక్షిదారుడికి రాసివ్వడం వకీలు విధిగా మారాలి. వీటికి బార్ కౌన్సిల్ నియమాలు సరిపోతాయి. క్రమశిక్షణ కమిటీలో వృత్తికి బయటివారికి చోటు, ఫీజు వాపసు ఇప్పించే అధికారం కావాలంటే మాత్రం పార్లమెంటు 1961 చట్టాన్ని సవరించాలి. వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయాక, సివిల్ దావా నడపలేని కక్షిదారుడికి మిగిలింది ఈ కమిటీ ఒక్కటే. దానికి కోరలు లేకపోతే కక్షిదారుడి హక్కులు పుస్తకం దాటి రావు.